నివాసుల సంఘంలో మీరూ ఒకరు కావాలంటే: అద్దెకున్నవాళ్ళకీ సొంతిల్లున్నవాళ్ళకీ

"అద్దెకుంటున్నాం కదా, సంఘం మీటింగ్‌కి వెళ్ళొచ్చా?" "వెళ్తే మాట్లాడనిస్తారా?" "మా బిల్డింగ్‌లో అసలు సంఘమే లేదు, ఎవరు మొదలుపెట్టాలి?" ఈ మూడూ చాలామంది అడుగుతూనే ఉన్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. సంఘంలో భాగం కావడమంటే పదవి సంపాదించడం కాదు. అందరికీ పనికొచ్చే చిన్న పని ఒకటి చేతపట్టి, పూర్తయ్యేదాకా వదలకుండా చూసి, ఏం జరిగిందో అందరికీ చెప్పడం. ఈ పద్ధతిలో వచ్చినవాళ్ళే సంఘంలో నిలబడతారు. పదవి కోసం వచ్చినవాళ్ళు చాలాసార్లు ఏడాది తిరిగేసరికి కనిపించరు.

ఏమేం కావాలి

- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు కానీ, ఇంటింటికీ తిరిగేటప్పుడు కాగితమే సుఖం.
- మీ బిల్డింగ్‌లో లేదా వీధిలో ఉన్న ఇళ్ళ నంబర్ల జాబితా. పేర్లు తర్వాత చేర్చుకోవచ్చు.
- మీ అద్దె ఒప్పందం కాపీ. సొంతిల్లయితే మెయింటెనెన్స్ కట్టిన రసీదులు.
- వారానికి ఒకటి రెండు గంటల సమయం. అంతకంటే ఎక్కువ ఇస్తానని ఎవరికీ మాటివ్వకండి.
- మీతో కలిసి తిరిగే మరో మనిషి. ఇది తప్పనిసరి అనే అంటాను. ఒక్కరే తిరిగితే అది మీ సొంత గొడవలా కనిపిస్తుంది, ఇద్దరు కలిసి వెళ్తే అందరి విషయంలా కనిపిస్తుంది.

1. ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకం సంఘమో తెలుసుకోండి

"అసోసియేషన్" అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు సంఘాలుంటాయి. యజమానుల సంఘంలో ఇల్లు సొంతమైనవాళ్ళే సభ్యులు. లిఫ్ట్, నీళ్ళు, శుభ్రత, మరమ్మతుల ఖర్చు చూసేది చాలాచోట్ల ఇదే. నివాసుల సంఘంలో సొంతమా అద్దా అనే తేడా లేకుండా అక్కడ ఉంటున్న అందరికీ చోటుంటుంది. అద్దెదారుల సంఘం అద్దెకున్నవాళ్ళది మాత్రమే. ఇళ్ళన్నీ ఒకే యజమానివో ఒకే సంస్థవో అయిన చోట దీని అవసరం ఎక్కువ.

ఎవరిని అడగాలి? మెయింటెనెన్స్ వసూలు చేసే మనిషిని అడగండి. రసీదు మీద ఏ పేరుందో చూడండి. అందరికంటే ఎక్కువ కాలంగా అక్కడ ఉంటున్నవాళ్ళతో పది నిమిషాలు కూర్చోండి. కాగితాల్లో దొరకని సంగతులు వాళ్ళకి తెలుసు: ఎప్పుడు ఎన్నిక జరిగింది, ఎవరెవరికి మాటల్లేవు, పోయినసారి ఏ విషయం దగ్గర మీటింగ్ చెడిపోయింది.

ఆ తర్వాత సెక్రటరీని నాలుగు కాగితాలు అడగండి: బైలాస్ (సంఘం నియమావళి), పోయిన సర్వసభ్య సమావేశం మినిట్స్ (అక్కడ ఏం నిర్ణయించారో రాసిన కాగితం), పోయినేడాది జమాఖర్చులు, ఇప్పటి కమిటీ సభ్యుల పేర్లు. "కొత్తగా వచ్చామండి, సంఘం ఎలా నడుస్తుందో తెలుసుకుందామని అడుగుతున్నాం" అంటే చాలు. "లెక్కలు చూపించండి" అని మొదలుపెడితే తనిఖీకి వచ్చారనుకుని తలుపు మూసుకుంటారు.

నాలుగింటిలో ఏదీ దొరక్కపోతే, లేదా ఏళ్ళ తరబడి ఎన్నికే జరగలేదని తెలిస్తే, సంఘం పేరుకే ఉన్నట్టు. అప్పుడు కొత్త సంఘం పెట్టడం కంటే ఉన్నదాన్ని లేపడమే సులువు. రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా లాంటివి ఇప్పటికే ఉండొచ్చు.

2. బైలాస్‌లో మూడే మూడు సంగతులు వెతకండి

మొత్తం చదవక్కర్లేదు. సభ్యులు ఎవరు, ఓటు ఎవరికి, సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలి, ఎంతమంది వస్తే కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య). చివరి రెండూ ఒకేచోట ఉంటాయి కాబట్టి మూడనే లెక్కపెట్టాను.

కోరం విషయంలో చాలామంది తప్పులో కాలేస్తారు. 60 ఇళ్ళున్న చోట కోరం మూడో వంతు అనుకుందాం. అంటే 20 మంది ఉండాలి. 19 మంది కూర్చుని చేసిన తీర్మానం అప్పటికి నడిచినట్టే కనిపిస్తుంది. నచ్చనివాళ్ళు ఎవరైనా తర్వాత దాన్ని ప్రశ్నిస్తే నిలబడదు. కాబట్టి మీటింగ్ మొదలవగానే తలలు లెక్కపెట్టి మినిట్స్‌లో రాయించండి.

అద్దెకున్నవాళ్ళ పరిస్థితి మూడు రకాలుగా ఉండొచ్చు:

- పూర్తి సభ్యత్వం ఉంటే దరఖాస్తు ఇచ్చి, రుసుము ఉంటే కట్టి, రసీదు తీసుకోండి. రసీదు లేని సభ్యత్వం ఓటు వేసే రోజున అక్కరకు రాదు.
- అసోసియేట్ సభ్యత్వం మాత్రమే ఉంటే మీటింగ్‌కి రావచ్చు, మాట్లాడొచ్చు, ఓటు ఉండదు. ఇది చిన్న విషయమేమీ కాదు. చాలా నిర్ణయాలు ఓటు దాకా రాకుండా మాటల్లోనే తేలిపోతాయి.
- అసలు చోటే లేకపోతే, మీ ఇంటి యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఆయన తరఫున హాజరు కావచ్చేమో బైలాస్‌లో చూడండి. కుదరకపోతే కనీసం నీళ్ళు, భద్రత, శుభ్రత లాంటి విషయాల మీద అద్దెదారుల మాట వినేలా ఏడాదికి రెండు ఉమ్మడి సమావేశాలు పెట్టమని అడగండి. రోజూ ఆ మెట్లెక్కేదీ, ఆ నీళ్ళు వాడేదీ మీరే. ఈ ఒక్క వాదన చాలు.

ఒక జాగ్రత్త. యజమాని అనుమతి లేఖతో వెళ్ళినప్పుడు మీరు వేసే ఓటు ఆయనది. ఏ విషయం మీద ఎటు వేయాలో ముందే అడిగి, జవాబు మెసేజ్ రూపంలో దాచుకోండి.

3. మొదటి మీటింగ్‌లో ఎక్కువ వినండి

వెళ్ళేముందు అజెండా తెప్పించుకోండి. అక్కడ మూడు గమనించండి: ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు, ఎవరు నోరు విప్పడం లేదు, "చూద్దాం" అని పక్కన పెట్టిన పనులు ఏవి. మూడోది తప్పకుండా రాసుకోండి. మీరు చేతపట్టబోయే పని బహుశా అందులోనే ఉంటుంది.

మాట్లాడితే ఒక్క విషయం, రెండు నిమిషాల్లో, చివర్లో. మొదటి రోజే పది లోపాలు ఎత్తి చూపితే ఆ పదీ నిజమే అయినా, ఎన్నో ఏళ్ళుగా జీతం భత్యం లేకుండా పనిచేస్తున్నవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. వాళ్ళు చేసిన మంచి పని ఒకటైనా ఉండే ఉంటుంది, ముందు దాన్ని గుర్తించి చెప్పండి.

4. ఒక చిన్న పని ఎంచుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది జారేదీ ఇక్కడే. మొదటి పనికి నాలుగు లక్షణాలుండాలి. అందరి కంటికీ కనపడాలి. నెలా రెండు నెలల్లో పూర్తి కావాలి. పెద్ద ఖర్చు ఉండకూడదు. పొరుగువాళ్ళలో ఎవరికీ వ్యతిరేకంగా ఉండకూడదు.

మెట్ల మీద వెలగని లైట్లు, సరిగా పడని గేటు గడియ, లిఫ్ట్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన బోర్డు, మంటలార్పే సిలిండర్ల గడువు తేదీలు సరిచూడటం, ఆపద సమయంలో పనికొచ్చే నంబర్ల జాబితా ప్రతి అంతస్తులో అంటించడం. ఇవన్నీ మంచి మొదటి పనులు.

పార్కింగ్, పెంపుడు జంతువులు, మెయింటెనెన్స్ పెంపు, ఫలానా ఇంట్లో సంగీతం హోరు. వీటిని మొదటి పనిగా ఎప్పుడూ తీసుకోకండి. అవి ముఖ్యం కాదని అనడం లేదు. వాటిలో ప్రతి నిర్ణయానికీ నష్టపోయే పొరుగువాడు ఒకడుంటాడు. మీ మీద నమ్మకం ఏర్పడక ముందే వాటిలో చెయ్యి పెడితే, సంఘం రెండుగా చీలి మీరు ఒక పక్షం అయిపోతారు. రెండు మూడు చిన్న పనులు పూర్తయ్యాక పార్కింగ్ గురించి మాట్లాడితే అదే మనుషులు ఓపికగా వింటారు.

పని ఎంచుకున్నాక కమిటీకి ఒక వాక్యంలో రాసి ఇవ్వండి: "ఫలానా పని నేనూ, ఫలానా ఇంటివారూ చూస్తాం. ఫలానా తేదీకి ఏమైందో చెప్తాం." తేదీ వేయకుండా ఇవ్వొద్దు.

5. ఇంటింటికీ వెళ్ళండి

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. గ్రూపులో ఎప్పుడూ మాట్లాడేది ఆ నలుగురే. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఆ భాష రానివాళ్ళు, కొత్తగా దిగినవాళ్ళు అక్కడ కనపడరు. సంఘానికి బలం ఇచ్చేది వాళ్ళే.

సెలవు రోజు పొద్దున పదకొండు ప్రాంతం, మామూలు రోజైతే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపల వెళ్ళండి. ఇద్దరు వెళ్ళండి, వీలైతే ఒకరు మహిళ ఉండాలి. గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడండి. ఇలా మొదలుపెట్టొచ్చు:

"నమస్కారమండీ. మేం 204లో ఉంటాం, వీరు 502. మెట్ల మీద లైట్ల సంగతి చూస్తున్నాం. మీకేమైనా ఇబ్బందిగా ఉందా? ఇంకేదైనా చూడాల్సిన సమస్య ఉందా?"

అడిగాక ఆగండి. మూడొంతుల సమయం వాళ్ళు మాట్లాడాలి, ఒక వంతు మీరు. "మెంబర్‌షిప్ తీసుకోండి", "సంతకం పెట్టండి" అని మొదటి రోజే అడిగితే అమ్మకానికి వచ్చినట్టుంటుంది. రెండోసారి, లైట్లు వెలిగాక వెళ్ళి అడగండి.

నోట్‌బుక్‌లో ప్రతి ఇంటికీ ఒక వరస గీసుకోండి: ఇంటి నంబరు, మాట్లాడిన తేదీ, చెప్పిన సమస్య, మీటింగ్‌కి రాగలిగే సమయం, తాను చేయగలనన్న సాయం. చివరి గడి చాలామంది వదిలేస్తారు. "మీకు వీలైతే ఏ పనిలో చెయ్యి వేయగలరు?" అని అడిగితే ఎన్ని నైపుణ్యాలు బయటపడతాయో చూడండి. ఒకరు కరెంటు పని తెలిసినవారు, ఒకరు లెక్కలు చూసేవారు, ఒకరు అందమైన దస్తూరితో నోటీసు రాయగలవారు.

చేయకూడనివి రెండు. ఒక ఇంట్లో విన్నమాట ఇంకో ఇంట్లో చెప్పొద్దు. ఫోన్ నంబర్లు తీసుకున్నప్పుడు దేనికి వాడతారో చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే గ్రూపులో చేర్చండి. నంబర్ల జాబితాను బయటివాళ్ళకి, అమ్మకందారులకి ఇచ్చారని తెలిస్తే పోయిన నమ్మకం మళ్ళీ రాదు.

ఒక తలుపు తీయలేదా? చీటీ వదిలి, వేరే రోజు వేరే సమయంలో ఇంకోసారి వెళ్ళండి. రెండుసార్లూ తీయకపోతే వదిలేయండి. "మాకు ఆసక్తి లేదు" అన్నవాళ్ళతో వాదించకండి. తేదీ రాసుకుని, మర్యాదగా సెలవు తీసుకోండి.

6. సంఘం లేకపోతే మొదటి సమావేశం ఇలా పెట్టండి

సగం ఇళ్ళతోనైనా మాట్లాడాకే తేదీ పెట్టండి. ముందు తేదీ వేసి తర్వాత మనుషుల కోసం తిరిగితే ఖాళీ కుర్చీలే మిగులుతాయి.

స్థలం అందరూ రాగలిగేదిగా ఉండాలి. మెట్లెక్కలేనివాళ్ళుంటే కింది అంతస్తులో పెట్టండి. ఒకరి ఇంట్లో కంటే అందరిదైన చోటు మేలు. నోటీసు వారం ముందు ఇవ్వండి, ముందు రోజు గుర్తు చేయండి. చిన్నపిల్లలున్నవాళ్ళు పిల్లల్ని తీసుకురావచ్చని నోటీసులోనే రాయండి. ఈ ఒక్క వాక్యంతో తల్లులు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది.

గంట సమయానికి అజెండా ఇలా ఉంటే చాలు:

- పరిచయాలు: 10 నిమిషాలు
- ఇంటింటికీ తిరిగినప్పుడు ఎక్కువమంది చెప్పిన మూడు సమస్యలు: 10 నిమిషాలు
- వాటిలో ముందు ఏది చేద్దాం, చర్చ, చేతులెత్తి ఓటు: 20 నిమిషాలు
- ఎవరు ఏం చేస్తారు, ఏ తేదీకి: 15 నిమిషాలు
- మళ్ళీ ఎప్పుడు కలుద్దాం: 5 నిమిషాలు

మొదటి రోజే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు అంటూ పదవుల పంపకం పెట్టకండి. ముగ్గురు నుంచి ఐదుగురితో తాత్కాలిక బృందం చాలు. నియమాలు రాసుకుని, రెండో మూడో సమావేశంలో ఎన్నిక పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కూడా అప్పుడే ఆలోచించండి. దానికి ఎంతమంది కావాలి, ఏ కార్యాలయంలో చేయాలి అన్నది చోటును బట్టి మారుతుంది కాబట్టి మీ స్థానిక కార్యాలయంలో అడగండి.

సమావేశం నడిపేవారు తమ అభిప్రాయం చివర్లో చెప్పాలి. ఒకరే మాట్లాడుతూ పోతుంటే "మీ మాట రాసుకున్నామండీ, ఇంకా మాట్లాడనివాళ్ళని అడుగుదాం" అనొచ్చు. మొహం చిన్నబోకుండా ఆపడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు దొరకలేదు. వరసగా ఒక్కొక్కరికీ ఒక నిమిషం ఇచ్చే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా అద్దెకున్నవాళ్ళు వెనక వరసలో కూర్చుండిపోయే చోట.

మినిట్స్ ఒక పేజీ దాటకూడదు. ఎవరేమన్నారో వద్దు, ఏం నిర్ణయించారో కావాలి. తేదీ, ఎంతమంది వచ్చారు, తీర్మానాలు, ఒక్కో పనికి ఒక పేరు, ఒక గడువు. "కమిటీ చూస్తుంది" అని రాస్తే ఎవరూ చూడరు. మనిషి పేరు రాయండి. రెండు రోజుల్లోపల అందరికీ పంపండి, నోటీసు బోర్డు మీద కూడా అంటించండి.

7. అడిగేది కాగితం మీద అడగండి

యజమానికైనా, మేనేజ్‌మెంట్‌కైనా, స్థానిక సంస్థకైనా ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఫోన్ చేసినా, తర్వాత ఆ మాటలే రాసి పంపండి. నమూనా:

"విషయం: మెట్ల మీద లైట్లు వెలగకపోవడం. మూడో అంతస్తు నుంచి ఆరో అంతస్తు దాకా మెట్ల మీద 4 లైట్లు ఈ నెల 2 నుంచి వెలగడం లేదు. ఫోటోలు జతచేశాం. ఈ మెట్లు 18 ఇళ్ళవాళ్ళు వాడతారు. 5వ తేదీన ఫోన్‌లో తెలియజేశాం. ఈ నెల 20లోగా బాగుచేయించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయగోరుతున్నాం. ఆ తేదీలోగా జవాబు రాకపోతే 22న జరిగే సమావేశంలో తదుపరి చర్య నిర్ణయిస్తాం."

ఇందులో కోపం లేదు, విశేషణాలు లేవు. ఏమైంది, ఎప్పటినుంచి, ఎంతమందికి, ఏం కావాలి, ఎప్పటిలోగా. ఈ ఐదూ ఉంటే ఉత్తరం పనిచేస్తుంది. సంఘం తరఫున ఇద్దరు సంతకం చేయండి. అందినట్టు ముద్రో, ఈమెయిల్ జవాబో దాచండి.

అగ్నిప్రమాద భద్రత, గ్యాస్ వాసన, పగిలిన గోడలు, వేలాడే కరెంటు తీగల విషయంలో మాత్రం గడువిచ్చి ఎదురుచూడొద్దు. యజమానికి రాసిన రోజునే సంబంధిత ప్రభుత్వ శాఖకూ రాయండి. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న చెలరేగిన మంటల్లో 72 మంది ప్రాణాలు పోయాయి. అక్కడి నివాసుల బృందం ఒకటి భద్రతా లోపాల గురించి అంతకుముందే పదే పదే హెచ్చరించింది. ఘోరం జరిగితే తప్ప బాధ్యులు కదలరని 2016 నవంబరులో బహిరంగంగా రాసింది కూడా. ఆ మరణాలన్నీ నివారించదగినవేనని విచారణ 2024 సెప్టెంబరులో తేల్చింది. నివాసులు చెప్పేది విసుగు తెప్పించే ఫిర్యాదుగా కాకుండా ప్రమాద హెచ్చరికగా వినాలని యజమాన్యాలకి తెలియాలి. వినకపోతే ఒకే తలుపు తడుతూ కూర్చోకూడదని మనకి తెలియాలి.

8. డబ్బు ముట్టుకునే ముందు

చిన్న మొత్తమైనా ఒకరి సొంత ఖాతాలో వేయకండి. సంఘానికి వేరే ఖాతా, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ప్రతి వసూలుకీ రసీదు, ప్రతి ఖర్చుకీ బిల్లు. మూడు నెలలకోసారి ఒక పేజీ జమాఖర్చు బోర్డు మీద ఉండాలి, ఎవరూ అడగకముందే.

ఖాతా తెరవడం ఇంకా కుదరకపోతే వసూలే పెట్టకండి. మొదటి పనికి పెద్ద ఖర్చు ఉండకూడదన్నది అందుకే.

9. యజమాని ఒత్తిడి పెడతాడేమోనని భయంగా ఉంటే

అద్దెకున్నవాళ్ళ భయం అర్థం లేనిది కాదు. "సంఘంలో తిరుగుతున్నారట, ఇల్లు ఖాళీ చేయండి" అనే మాట ఎవరికైనా ఎదురుకావచ్చు. అందుకని:

- ఉత్తరాల మీద ఒక్కరి పేరు కాకుండా సంఘం పేరు, ఎక్కువ సంతకాలు ఉండేలా చూడండి.
- అద్దె గడువు తప్పకుండా కట్టి, ఆధారం దాచండి. మీ వైపు లోపం లేకపోవడమే మీ మొదటి రక్ష.
- యజమానితో జరిగే ప్రతి మాటా ఆ రోజే తేదీతో రాసుకోండి.
- ఒప్పందం ముగిసే తేదీ, ఖాళీ చేయించడానికి ఎంత గడువుతో నోటీసివ్వాలో మీ ఒప్పందంలోనూ, స్థానిక చట్టంలోనూ చూసుకోండి.

"అందరం కలిసి అద్దె ఆపేద్దాం" అనే ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తెస్తారు. 1915లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇది జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యజమానులు అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ లాంటి మహిళలు ఇంటింటా, మెట్లమెట్లా మనుషుల్ని కూడగట్టారు. వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టబోమన్నాయి. ఆ ఏడాదే బ్రిటన్‌లో అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయికి కట్టడి చేసే చట్టం వచ్చింది. దీన్ని చదివి ఉత్సాహపడటం మంచిదే. కానీ మీరు ఉన్నచోట అద్దె ఆపితే నేరుగా ఇల్లు ఖాళీ చేయించే హక్కు యజమానికి రావచ్చు. న్యాయవాదిని అడగకుండా, వెనక ఎంతమంది చివరిదాకా నిలబడతారో తెలియకుండా ఆ మాట ఎత్తకండి. స్వీడన్‌లో అద్దెదారుల సంఘం యజమానులతో కూర్చుని అద్దెలను ఉమ్మడిగా బేరమాడుతుంది. ఆ స్థాయికి చేరడానికి వెనక దశాబ్దాల సభ్యత్వ బలం ఉంది.

మీ నగరంలోనో దేశంలోనో అద్దెదారుల సమాఖ్య ఉందేమో వెతకండి. వివిధ దేశాల సంఘాలు కలిసిన అంతర్జాతీయ అద్దెదారుల సమాఖ్య 1926 నుంచి ఉంది. పెద్ద సంఘాల దగ్గర చాలాసార్లు ఉచిత న్యాయ సలహా, బైలాస్ నమూనాలు దొరుకుతాయి.

10. వాట్సాప్ గ్రూపుకి నాలుగు నియమాలు

వీలైతే రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి ప్రకటనలకి, అందులో కమిటీ మాత్రమే రాస్తుంది. ఇంకోటి మాటామంతీకి. రాజకీయాలు, మత ప్రచారం, అమ్మకాలు రెండింటిలోనూ వద్దు. ఎవరి పేరూ పెట్టి ఆరోపణ చేయకూడదు; ఉంటే సెక్రటరీకి విడిగా రాయాలి. గ్రూపులో జరిగిన చర్చ తీర్మానం కాదు, నిర్ణయాలు సమావేశంలోనే. చివరి నియమం లేకపోతే రాత్రి పదకొండింటికి ఐదుగురు బొటనవేలు గుర్తులు పెట్టి "అందరూ ఒప్పుకున్నారు" అంటారు.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

మూడు నెలలకోసారి నోట్‌బుక్ తెరిచి ఈ ప్రశ్నలకి జవాబు రాయండి.

మొత్తం ఇళ్ళలో ఎన్నింటితో ముఖాముఖి మాట్లాడాం? పోయిన మినిట్స్‌లో పేరూ గడువూ ఉన్న పనుల్లో ఎన్ని పూర్తయ్యాయి? సగం కంటే తక్కువైతే మనుషులు బద్ధకస్తులని అనుకోకండి. పనులు ఎక్కువ తీసుకున్నారని అర్థం. ఈసారి రెండే తీసుకోండి.

మీటింగ్‌కి వచ్చినవాళ్ళలో అద్దెకున్నవాళ్ళెందరు, మహిళలెందరు, ముందెప్పుడూ రానివాళ్ళెందరు? వచ్చేవాళ్ళ సంఖ్య పెరుగుతున్నా ఎప్పుడూ అవే మొహాలైతే మళ్ళీ ఐదో మెట్టుకి వెళ్ళి తలుపులు తట్టండి. సమయం మార్చి చూడండి. ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే పెడుతుంటే, ఆదివారం పనిచేసేవాళ్ళు ఎప్పటికీ రాలేరు.

యజమాని లేదా మేనేజ్‌మెంట్ మిమ్మల్ని పిలిచి మాట్లాడుతున్నారంటే, ఏ దశలో పిలుస్తున్నారో చూడండి. నిర్ణయం అయిపోయాక చెప్పడానికి పిలిస్తే అది సమాచారం మాత్రమే. నిర్ణయానికి ముందు అడిగి, మీ మాట వల్ల ఏం మారిందో తర్వాత చెప్తుంటేనే సంప్రదింపు. "మీరు చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారు, ఏది తీసుకోలేదు, ఎందుకని?" అని ప్రతిసారీ రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఏ దశలో ఉన్నారో తెలిసిపోతుంది.

ఇంకొకటి. మీరు రెండు వారాలు ఊళ్ళో లేకపోతే సంఘం పని ఆగిందా? ఆగితే, పని మీరు బాగా చేస్తున్నారు, సంఘం మాత్రం తయారు కాలేదు. తర్వాతి పని ఇంకొకరి చేతికివ్వండి, మీరు పక్కన ఉండండి. మీకంటే నెమ్మదిగా చేస్తారు, చేయనివ్వండి.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

*పాత కమిటీ దిగడం లేదు.* బైలాస్‌లో పదవీకాలం చూసి, సభ్యులు ప్రత్యేక సర్వసభ్య సమావేశం అడగడానికి ఎన్ని సంతకాలు కావాలో చూడండి. ఆ సంతకాలతో లేఖ ఇవ్వండి. గొడవకి దిగేముందు ఒకసారి కూర్చుని మాట్లాడండి. చాలాచోట్ల పాతవాళ్ళు దిగకపోవడానికి కారణం, బాధ్యత తీసుకునేవాళ్ళు కనపడకపోవడమే.

*అన్నీ నా నెత్తినే పడుతున్నాయి.* వచ్చే మీటింగ్‌లో చేస్తున్న పనులన్నీ బోర్డు మీద రాసి, "వీటిలో రెండు నేను వదులుతున్నాను, ఎవరు తీసుకుంటారు?" అని అడగండి. ఎవరూ తీసుకోకపోతే ఆ పనులు ఆగనివ్వండి. నిజంగా కావాల్సినవైతే ఎవరో ఒకరు ముందుకొస్తారు.

*పొరుగువాళ్ళ మధ్య గొడవ సంఘం దాకా వచ్చింది.* ఇద్దరినీ ఒక్కొక్కరిగా వినండి, సర్వసభ్య సమావేశంలో పంచాయితీ పెట్టకండి. బెదిరింపు, హింస ఉంటే అది సంఘం పని కాదు, పోలీసుల పని.

ఇల్లు మారే ముందు

అద్దెకున్నవాళ్ళు ఏదో ఒకరోజు వెళ్ళేవాళ్ళే. ఆ మాట అని ఎవరూ మిమ్మల్ని పక్కన పెట్టనక్కర్లేదు, సొంతిల్లున్నవాళ్ళూ మారుతుంటారు. నెల ముందే చెప్పండి. నోట్‌బుక్, ఉత్తరాల కాపీలు, అందినట్టు ఆధారాలు, సగంలో ఉన్న పనుల జాబితా, గ్రూపు అడ్మిన్ హక్కు, బ్యాంకు సంతకం మార్పు కాగితం. ఇవన్నీ తీసుకునే మనిషితో ఒకసారి కూర్చుని ఒక్కొక్కటీ అప్పగించి, అప్పగించినట్టు మినిట్స్‌లో రాయించండి. బ్యాంకు సంతకం మార్పు మీరు ఊళ్ళో ఉండగానే పూర్తి చేయించండి. వెళ్ళాక ఒక్క సంతకం కోసం సంఘం డబ్బంతా ఖాతాలో ఇరుక్కుపోతుంది. మీ కొత్త నంబరు వాళ్ళకిచ్చి, మీ ఫోన్‌లో ఉన్న సభ్యుల నంబర్ల జాబితా తీసేయండి.